ఉత్తర ఘానా పల్లెలో వాలంటీరుగా కుదురుకోవడం: పెట్టె సర్దడం నుంచి మూడో నెల దాకా

పశ్చిమ ఆఫ్రికా పల్లెలన్నిటికీ ఒకే సలహా పనికిరాదు. సెనెగల్ ఊరి పద్ధతి వేరు, బెనిన్ ఊరి పద్ధతి వేరు. ఇక్కడ చెప్పేదంతా ఘానా ఉత్తర ప్రాంతంలో, తమాలే పట్నం చుట్టూ ఉన్న దగోంబా ఊళ్ళకి వర్తిస్తుంది. అక్కడి మాట దగ్బాని, ఎక్కువమంది ముస్లింలు, బతుకంతా వానాధార వ్యవసాయం. బడిలో చెప్పడానికో, ఆరోగ్య కేంద్రంలోనో, మహిళా సంఘాలతోనో ఆర్నెల్లు, ఏడాది ఉండబోయే తెలుగువాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాం.

ముందే ఒక మాట. మొదటి నెల పని చేయడానికి కాదు. ఊరు మిమ్మల్ని చూడటానికి, మీరు ఊరిని చూడటానికి. ఇది ఒప్పుకోలేని సంస్థ ద్వారా వెళ్ళకండి. వారం రోజుల్లో ఫలితాల నివేదిక కావాలనే సంస్థలూ, మీ దగ్గరే డబ్బు తీసుకుని అనాథాశ్రమంలో పిల్లల్ని ఆడించడానికి పంపే సంస్థలూ ఈ లెక్కలోకే వస్తాయి.

## 1. బయలుదేరే ముందు: కాగితాలు, టీకాలు

రెండు నెలల ముందే మొదలుపెట్టండి. అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. దీన్ని ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. అన్ని రోజుల్లోనూ వేయరు కాబట్టి ముందే కనుక్కోండి. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే పసుపు కార్డు (టీకా వేసినట్టు ఇచ్చే ధ్రువపత్రం) చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. ఘానాలో దిగేటప్పుడు చూపించాలి. తిరిగి మన దేశంలో దిగేటప్పుడు ఇంకా గట్టిగా అడుగుతారు. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. అసలు కార్డు పాస్‌పోర్టుతోపాటే ఉండాలి, ఫొటో తీసి ఫోన్‌లో కూడా పెట్టుకోండి.

మిగతా టీకాలు డాక్టరుతో మాట్లాడి వేయించుకోండి: మెనింజైటిస్ (ఏసీడబ్ల్యూవై రకం), టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, బి, ధనుర్వాతం బూస్టర్. ఊళ్ళో కుక్కలు ఉంటాయి, ఆస్పత్రి దూరం కాబట్టి రేబిస్ ముందస్తు టీకా కూడా మంచిదే. మెనింజైటిస్ మాత్రం వాయిదా వేయకండి. ఉత్తర ఘానా ఆ జబ్బు తరచూ వ్యాపించే పట్టీలోనే ఉంది. పొడిగాలి కాలంలో, అంటే డిసెంబరు నుంచి ఎండలు ముగిసే దాకా, భయం ఎక్కువ.

వీసా ఢిల్లీలోని ఘానా హైకమిషన్ ద్వారా తీసుకోవాలి. ఇక్కడ చాలామంది ఒక సంగతి మర్చిపోతారు. వీసా ఎన్నాళ్ళదైనా, విమానాశ్రయంలో కొట్టే ముద్రలో ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులే ఉండే అనుమతి. కౌంటరు దాటకముందే ఆ అంకె చదువుకోండి. గడువు తీరకముందే తమాలేలోని ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో పొడిగింపుకి అర్జీ పెట్టండి. రాజధాని అక్రాలోని భారత హైకమిషన్‌లో పేరు నమోదు చేయించుకోండి.

మలేరియా ముందుజాగ్రత్త మాత్రలు. "మనకి మలేరియా అలవాటే" అనే ధైర్యం ప్రాణం మీదకి తెస్తుంది. అక్కడ దాదాపు అంతా ఫాల్సిపారం రకమే, అంటే ప్రాణం తీసే రకం. చిన్నప్పుడెప్పుడో మన ఊళ్ళో వచ్చిన జ్వరం మీకు ఏ రక్షణా ఇవ్వదు. వీటిలో ఒకటి డాక్టరు రాసిస్తారు:

- అటోవాక్వోన్–ప్రోగ్వానిల్: రోజూ. వెళ్ళడానికి 1–2 రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 7 రోజులు.
- డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు: రోజూ. ముందు 1–2 రోజులు, తిరిగొచ్చాక 4 వారాలు. గ్లాసు నిండా నీళ్ళతో, తిన్న తర్వాత వేసుకోవాలి; వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతు మండుతుంది. ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది.
- మెఫ్లోక్విన్: వారానికొకటి. కనీసం 2 వారాల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాలు. మానసిక ఇబ్బందులు ఎప్పుడైనా ఉన్నవాళ్ళు వాడకూడదు.

ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు పెట్టెలో పెట్టకండి. అక్కడ వాటి మీద గట్టి నిఘా ఉంది. ఏ మందైనా అసలు డబ్బాలో, డాక్టరు చీటీతో ఉండాలి.

## 2. పెట్టెలో ఏం పెట్టాలి

బట్టలు తక్కువే చాలు. తమాలే బజారులో అన్నీ దొరుకుతాయి, కొలతకి కుట్టే దర్జీలూ ఉన్నారు. ఆడవాళ్ళకి మోకాలు దాటే బట్టలు, మగవాళ్ళకి పొడుగు ప్యాంటు. నిక్కరు వేసుకుని పెద్దల ముందుకి వెళ్ళకూడదు. మన చుడీదార్లు, చున్నీతో సహా, అక్కడ ఇబ్బంది లేకుండా నడుస్తాయి. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు చలి వేస్తుంది. ఒక దుప్పటి, స్వెట్టరు ఉండాలి.

ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు కలిసిన టీషర్టు గానీ, ఎరుపు, తెలుపు, నీలం కలిసిన టీషర్టు గానీ ఎవరైనా ఉచితంగా ఇస్తే వేసుకునే ముందు చూసుకోండి. మొదటివి ఎన్‌డీసీ పార్టీ రంగులు, రెండోవి ఎన్‌పీపీవి; అక్కడి రెండు పెద్ద రాజకీయ పార్టీలు ఇవే. గొడుగు గుర్తో, ఏనుగు గుర్తో మీ ఛాతీ మీద ఉంటే ఊళ్ళో సగం మందికి దూరమైనట్టే.

ఇవి మాత్రం ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి:

- తలకి కట్టుకునే టార్చి, అదనంగా ఇంకొకటి
- 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు
- చదరపు మూడు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గుకి అడాప్టరు. కరెంటు మనలాగే 230 వోల్టులు
- 3 లీటర్ల ప్రెషర్ కుక్కరు, అదనపు గాస్కెట్టు, సేఫ్టీ వాల్వు
- ఆవాలు, మెంతులు, ఇంగువ, పసుపు, 2–3 కిలోల కందిపప్పు
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు 20, పారాసెటమాల్, థర్మామీటరు, గాయాలకి పట్టీలు, అయోడిన్ మలాము
- కళ్ళజోడు వాడేవాళ్ళకి రెండో జత. పొడిగాలిలో కాంటాక్ట్ లెన్సులు పనిచేయవు

చింతపండు మోసుకెళ్ళనక్కర్లేదు. ఉత్తర ఘానాలో చింతచెట్లు ఉన్నాయి, సంతలో దొరుకుతుంది.

ఎప్పుడు దిగాలి? ఎంచుకునే వీలుంటే నవంబరు. కోతలు అయిపోయి గాదెలు నిండుగా ఉంటాయి, జనం తీరికగా ఉంటారు, చల్లగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలకి చేరుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా అందరూ పొలాల్లోనే, పైగా పాత ధాన్యం అడుగంటే రోజులు. అప్పుడు అతిథిగా దిగితే వాళ్ళకీ భారం, మీకూ ఎవరూ దొరకరు.

## 3. తమాలేలో రెండు రోజులు

అక్రా నుంచి తమాలేకి విమానంలో గంట, బస్సులో ఇంచుమించు పగలంతా. దిగిన రోజే ఊరికి పరుగెత్తకండి. పట్నంలో ఈ పనులు, ఇదే వరసలో:

1. పాస్‌పోర్టుతో సిమ్ తీసుకోండి. మీ ఊళ్ళో ఏ నెట్‌వర్కు అందుతుందో ముందు మీ ఆతిథ్య కుటుంబాన్ని అడిగి, అదే కొనండి. మూడు నెలలు దాటి ఉండేవాళ్ళకి విదేశీయుల ఘానా కార్డు అవసరమవుతుంది.
2. మొబైల్ మనీ ఖాతా తెరిపించుకోండి. ఊళ్ళో ఏటీఎం ఉండదు, ఈ ఖాతానే బ్యాంకు. "పొరపాటున మీకు డబ్బు పంపాను, వెనక్కి పంపండి" అనే ఫోన్ వస్తే అది మోసం. పిన్ ఎవరికీ చెప్పకండి, ఏజెంటుకి కూడా.
3. పరుపు, మందు పట్టించిన దోమతెర, మూతలున్న రెండు బకెట్లు, రెండు పసుపు క్యాన్లు కొనండి. ఈ పాతిక లీటర్ల క్యాన్లని 'కుఫూర్ గ్యాలన్లు' అంటారు, అలాగే అడగండి.
4. మలేరియా ర్యాపిడ్ పరీక్ష కిట్లు, ఒక పూర్తి కోర్సు మలేరియా మందు.
5. చిన్న నోట్లు. పెద్ద నోటుకి ఊళ్ళో చిల్లర పుట్టదు.
6. చివరగా, బయలుదేరే రోజు పొద్దున, కోలా కాయలు (ఊరి నాయకుడికి మర్యాదగా ఇచ్చేవి). పది నుంచి ఇరవై దాకా. గట్టిగా, మచ్చ లేకుండా ఉన్నవి ఏరుకుని, వాళ్ళు చుట్టి ఇచ్చే ఆకులోనే ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో ఉక్కపోసి బూజు పడతాయి, గాలికి వదిలేస్తే ముడుచుకుపోతాయి.

ఊరికి ట్రోట్రో వ్యానులో వెళ్తారు, లేదా మోటర్‌కింగ్ అనే మూడు చక్రాల సామాను బండి మాట్లాడుకుంటారు. సామాను ఎక్కువైతే రెండోదే నయం. వ్యాను నిండేదాకా కదలదు కాబట్టి పొద్దున్నే స్టాండులో ఉండండి. చీకటిపడ్డాక ఊళ్ళోకి కొత్తవాళ్ళు చేరడం అంత మంచిది కాదు.

## 4. మొదటి పూట: ఊరి నాయకుడి ఇంటికి

సామాను దించిన వెంటనే, ఫొటోలకంటే ముందు, ఇంకెవరి ఇంటికీ వెళ్ళకముందు చేయాల్సిన పని ఇది. దగోంబా నాయకుడిని 'నా' అంటారు. ఆయన జంతు చర్మాల మీద ఆసీనుడవుతాడు. వచ్చినవాళ్ళని కలిసే పెద్ద గుండ్రటి గుడిసెని 'జోంగ్' అంటారు. ఆయనతో మీరు నేరుగా మాట్లాడరు. మధ్యలో 'వులానా' ఉంటాడు. మీ మాట వులానాకి చెప్తే ఆయన నాయకుడికి అందిస్తాడు, జవాబూ ఆయన ద్వారానే వస్తుంది. నాయకుడికి ఇంగ్లీషు బాగా వచ్చినా పద్ధతి ఇదే.

వరస ఇలా ఉంటుంది:

1. ఒంటరిగా వెళ్ళకండి. మీ ఆతిథ్య కుటుంబ పెద్దో, సంస్థ మనిషో వెంట ఉండాలి. ముందురోజే కబురు పంపించి ఉండాలి.
2. గుమ్మం బయటే చెప్పులు, టోపీ తీసేయండి. ఫోన్ మోగకుండా చేయండి.
3. లోపలికి వెళ్ళగానే గొంతుక్కూర్చుని పలకరించాలి. వెంట వచ్చినవాళ్ళు మెల్లగా చప్పట్లు కొడితే మీరూ కొట్టండి. కుర్చీ చూపిస్తే అప్పుడు కూర్చోండి. చూపించేదాకా కింద ఉండటమే మర్యాద.
4. నీళ్ళు ఇస్తారు. తీసుకోండి. ఆ నీళ్ళు తాగడం భయమనిపిస్తే పెదవులకి తాకించి ఇచ్చేయవచ్చు, చేత్తో వద్దనడం మాత్రం తప్పు.
5. నీళ్ళ తర్వాతే "ఎందుకొచ్చారు" అని అడుగుతారు. అప్పుడు కోలా కాయలు కుడిచేత్తో వులానాకి ఇప్పించాలి. నాయకుడి చేతికి నేరుగా ఇవ్వకండి.
6. నాలుగు మాటల్లో చెప్పండి: పేరు, ఏ దేశం, ఎన్నాళ్ళు, ఎవరింట్లో. ప్రాజెక్టు వివరాలూ, ఇస్తామనే హామీలూ ఇక్కడ వద్దు. "బోరు వేయిస్తాం" అని ఒక్కసారి నోరు జారితే ఆ మాట ఏళ్ళ తరబడి మీ వెంట తిరుగుతుంది.
7. వెళ్ళే ముందు సెలవు అడగండి. ఆయన సరే అన్నాకే లేవాలి.

తర్వాతి రోజుల్లో ఇదే మర్యాదతో కలవాల్సినవాళ్ళు: ఇమాం, ఆడవాళ్ళ పెద్ద 'మగాజియా', ప్రధానోపాధ్యాయుడు, జిల్లా అసెంబ్లీ సభ్యుడు, ఆరోగ్య కేంద్రం నర్సు. 'తిందానా' అనే భూమి పూజారిని మర్చిపోకండి. ఊరిచివర చెట్ల గుంపుల్లో ఏది పవిత్రమైనదో, ఎక్కడ అడుగుపెట్టకూడదో ఆయన్ని అడిగితేనే తెలుస్తుంది.

రెండు వర్గాల మధ్య నాయకత్వ తగాదా ఉన్న ఊళ్ళుంటాయి. ఎవరు అసలు నాయకుడన్న మాట ఎవరెత్తినా మీరు వినడమే. జవాబు ఉండకూడదు.

## 5. పలకరింపు: రోజులో అతి ముఖ్యమైన పని

అక్కడ పలకరించకుండా విషయంలోకి దిగేవాణ్ణి జనం మొరటువాడనుకుంటారు. "నీళ్ళెక్కడ?" అని అడగడానికి ముందు కనీసం మూడు విడతల పలకరింపు నడుస్తుంది. సమయం వృథా అనుకోకండి; మీ గురించి ఊరు ఏమనుకోవాలో ఇక్కడే తేల్చుకుంటుంది.

- పొద్దున: దసిబా. మధ్యాహ్నం: అంతిరే. సాయంత్రం: అనిన్‌వులా. మూడిటికీ జవాబు "నా".
- ఆ వెంటనే "నిద్ర ఎలా పట్టింది?" అని వస్తుంది. జవాబు: గోమ్ బేని. నిజంగా నిద్ర పట్టకపోయినా ఇదే చెప్పాలి.
- ఇల్లు, పిల్లలు, పని గురించి వరసగా అడుగుతారు. ఏమడిగారో అర్థం కాకపోయినా "నా" అంటే సగం గండం గట్టెక్కినట్టే.
- ఎవరైనా దీవిస్తే, "దేవుడు రేపటిని చూపించుగాక" లాంటివి, జవాబు అమి.

ఎవరు ముందు పలకరించాలి? నడిచి వచ్చేవాళ్ళు కూర్చున్నవాళ్ళని. పెద్దవాళ్ళ ముందు మోకాళ్ళు కొంచెం వంచండి, ఆడవాళ్ళయితే ఇంకాస్త. వయసులో పెద్దవాళ్ళు చెయ్యి చాపితేనే కరచాలనం; కొందరు మగవాళ్ళు పరాయి ఆడవాళ్ళ చెయ్యి ముట్టుకోరు, అది అవమానం కాదు.

ఎడమచేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం, చూపించడం, చెయ్యి ఊపడం తప్పు. మనవాళ్ళకి ఇవ్వడం పుచ్చుకోవడంలో అలవాటు ఉంటుంది. కానీ కుడిచేతిలో ఫోన్ ఉన్నప్పుడు ఎడమచేత్తో చిల్లర చాపేస్తారు. పొరపాటు అయితే "ఎడమచెయ్యి, క్షమించండి" అని అక్కడికక్కడే అనేయండి. వాళ్ళూ అలాగే అంటారు.

పిల్లలు "సిల్మింగా!" అని అరుస్తూ వెంటపడతారు. తెల్లవాళ్ళని పిలిచే మాట అది, మన రంగుకీ అదే పిలుపు. కోప్పడకండి. ఆగి, ఒకడి పేరు అడిగి, మర్నాడు ఆ పేరుతో పిలవండి. వారంలో మీ పేరు వాళ్ళ నోట్లో ఉంటుంది.

## 6. గది సర్దుకోవడం

గుండ్రటి మట్టి గదులన్నీ ఒక ప్రహరీతో కలిపి ఒక లోగిలిగా ఉంటాయి. మీకు అందులో ఒక గది ఇస్తారు. గడ్డి కప్పు గది చల్లగా ఉంటుంది, రేకుల గది మార్చిలో రాత్రి పదింటిదాకా సెగ కక్కుతుంది. ఎంచుకోమంటే గడ్డి కప్పు తీసుకోండి, తొలకరికి ముందు కప్పు సరిచేయించండి.

దోమతెర పరుపు కింద నాలుగువైపులా దోపాలి, నేల మీదకి వేలాడనివ్వకూడదు. ఉతికితే మామూలు సబ్బుతో, ఆరేసేది నీడలో. ఎండలో మందు పోతుంది. ఎండాకాలం అందరూ ఆరుబయట పడుకుంటారు, మీరూ పడుకుంటారు. కాబట్టి నాలుగు కర్రల మీద కట్టే తెర ఇప్పుడే తయారుగా ఉంచుకోండి. తెర లేకుండా బయట పడుకున్న నాలుగు రాత్రులు చాలు జ్వరం తెచ్చుకోవడానికి.

చీకట్లో టార్చి, బూట్లు లేకుండా అడుగు బయటపెట్టకండి. పొలాల్లో పింజర జాతి పాము ఉంది, కాటుకి రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. మన దేశపు పాముల కోసం చేసిన విరుగుడు మందు దానికి సరిగా పనిచేయదు, కాబట్టి ఇక్కడి నుంచి మందు తీసుకెళ్ళి లాభం లేదు. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏవీ వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి మోటారు సైకిలు మీద నడుమ కూర్చోబెట్టి ఆస్పత్రికి. ఏ ఆస్పత్రిలో విరుగుడు ఉంటుందో మొదటి వారమే నర్సుని అడిగి రాసుకోండి. పొద్దున బూట్లు తొడుక్కునే ముందు దులపండి, తేళ్ళుంటాయి.

మరుగుదొడ్డి విషయంలో ఊరట: ముస్లిం ఇళ్ళలో 'బూటా' అనే ప్లాస్టిక్ చెంబుతో నీళ్ళు వాడతారు. ఒకటి మీకోసం కొనుక్కోండి. అది నమాజు ముందు కాళ్ళు చేతులు కడుక్కోవడానికి కూడా వాడేది కాబట్టి ఇంకొకరిది తీసుకోకూడదు.

## 7. నీళ్ళు

ముందు తెలుసుకోవాల్సింది: బోరు నీళ్ళా, చెరువు నీళ్ళా?

చాలా ఊళ్ళలో చేతిపంపులు ఉన్నాయి, వాటిలో మన ఇండియా మార్క్-2ని అక్కడికి తగ్గట్టు మార్చిన పంపు కూడా ఒకటి. దాని పిడి చూడగానే గుర్తుపడతారు. బోరు నీళ్ళని శుభ్రమైన క్యాన్‌లో పట్టి, మూత పెట్టి, గొట్టమో కొళాయో ఉన్న పాత్రలోంచి వాడితే చాలావరకు భద్రమే. జబ్బులు సాధారణంగా పంపు దగ్గర రావు, ఇంట్లో బకెట్లో గ్లాసు ముంచినప్పుడు వస్తాయి.

చెరువు నీళ్ళు టీ రంగులో ఉంటాయి. వాటికి వరస:

1. బకెట్లో నీళ్ళు పోసి, పటిక ముక్కతో గుండ్రంగా తిప్పండి. మడ్డి గడ్డకట్టడం కనబడగానే ఆపేయండి. ఎక్కువైతే నీళ్ళు వగరుగా ఉంటాయి.
2. కదపకుండా రెండు, మూడు గంటలు వదిలేయండి.
3. పైన తేరిన నీళ్ళని గుడ్డతో వడకట్టి రెండో బకెట్లోకి వంచండి.
4. తెర్లేదాకా మరిగించి ఒక నిమిషం ఉంచండి. లేదా 67 మిల్లీగ్రాముల క్లోరిన్ మాత్ర 20 లీటర్లకి ఒకటి వేసి 30 నిమిషాలు ఆగండి. మురికి నీళ్ళలో నేరుగా మాత్ర వేస్తే క్లోరిన్ అంతా ఆ మురికికే ఖర్చయిపోతుంది, క్రిములు మిగిలిపోతాయి.

చెరువులో దిగి స్నానం చేయకండి, కాళ్ళు కూడా పెట్టకండి. నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా పురుగు చర్మంలోంచి లోపలికి పోతుంది. పొరపాటున దిగితే తిరిగొచ్చాక పరీక్ష చేయించుకోండి, మందు ఉంది.

రోజుకి ఒక మనిషికి రెండు క్యాన్లు చాలు. మార్చిలో తాగడానికే 4–5 లీటర్లు కావాలి. ప్రయాణాల్లో అరలీటరు 'ప్యూర్ వాటర్' సంచులు దొరుకుతాయి. 30 సంచుల మూట కొంటే చవక. పంపు దగ్గర ఆడవాళ్ళు "మీరు ముందు పట్టుకోండి" అంటే ఒకటి రెండుసార్లు మర్యాదగా కాదని వరసలో నిలబడండి. ఊళ్ళో సంగతులన్నీ ఆ వరసలోనే తెలుస్తాయి.

## 8. తిండి

రాత్రి భోజనం సాధారణంగా టీజెడ్, పూర్తి పేరు తువో జాఫీ. మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద. మన సంకటి తిన్న చేతికి కొత్తేమీ కాదు, కానీ పక్కన వచ్చే అయోయో అనే జనపనార జాతి ఆకు పులుసు జిగురుగా సాగుతుంది. ముద్దని చిన్నగా తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగాలి. నమిలితే జిగురు నోట్లో పట్టి మొదటి రోజే విసుగు పుడుతుంది.

ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. చేతులు కడగాలి, పెద్దవాళ్ళు మొదలుపెట్టాక మొదలుపెట్టాలి, మీ ముందున్న భాగంలోంచే తినాలి. మాంసం ముక్క పెద్దవాళ్ళు పంచేదాకా ముట్టుకోకూడదు.

తెలుగు నాలుకకి వెంటనే నచ్చేవి చాలా ఉన్నాయి. పొద్దున పూట కూసే అమ్ముతారు: అలసందలు నానబెట్టి రుబ్బి, నూనెలో వేయించినవి, అచ్చంగా అలసంద గారెలే. దాంతోపాటు సజ్జలతో కాచిన కోకో అనే పుల్లటి అంబలి, అల్లం ఘాటుతో. మధ్యాహ్నం వాచే, అంటే అన్నంలో అలసందలు కలిపి జొన్నాకుతో ఎర్రగా ఉడికించినది. గోంగూర అక్కడ పెరుగుతుంది, ఆకు పులుసుల్లో వాడతారు. దాని ఎర్ర పూల తొడుగులతో చేసే పానీయమే సోబోలో. వేరుశనగ, పెండలం, బెండకాయ, టమాటా, మిరపకాయ అన్నీ ఉంటాయి. మామిడి ఏప్రిల్‌లో చవక.

దగోంబా ఊళ్ళలో సంత 6 రోజులకొకసారి తిరిగి వస్తుంది, వారం లెక్క పనికిరాదు. క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ధాన్యం కిలోల్లో కాక గిన్నెతో కొలుస్తారు. మొక్కజొన్న గిన్నె రెండున్నర, మూడు కిలోల మధ్య ఉంటుంది. గిన్నె మీద ఎత్తుగా కుప్ప పోస్తే న్యాయమైన కొలత, అడుగు లోపలికి కొట్టుకుపోయిన గిన్నె అయితే పక్క అంగడికి వెళ్ళండి.

శాకాహారులకి. కూరలో ముక్క కనబడకపోయినా ఎండుచేపల పొడి, రొయ్య వాసన ఉన్న మసాలా బిళ్ళ పడే ఉంటాయి. "నేను శాకాహారిని" అంటే అర్థం కాదు. డబ్బు లేక తినరేమో అనుకుని చేప తెచ్చి పెడతారు. "మా ఇంటివాళ్ళకి చేప, మాంసం నిషిద్ధం" అనండి. అక్కడ ఒక్కో వంశానికి తినకూడని జంతువు ఒకటి ఉంటుంది కాబట్టి ఈ మాటని వెంటనే గౌరవిస్తారు. గొడ్డుమాంసం తిననివాళ్ళకీ ఇదే మాట. ఆపైన వంట చేసే ఆమెకి పొడి వేయకముందే మీ వాటా పక్కన తీయమని చూపించి చెప్పండి. వారానికి రెండు రోజులు మీరే మీ కుక్కరులో వండుకుని వాళ్ళకి కూడా పెట్టండి. పప్పుచారు అక్కడ బాగా నచ్చుతుంది.

రంజాను నెలలో పగలు అందరి ముందూ తినకండి, తాగకండి. "మీరు మసీదుకా, చర్చికా?" అని అందరూ అడుగుతారు. మీ పూజ గురించి రెండు మాటలు చెప్తే చాలు. "నాకు దేవుడు లేడు" అనే వాదన మాత్రం మొదటి ఏడాది పెట్టుకోకండి. దాని అర్థం అక్కడ "ఇతణ్ణి నమ్మలేం" అనే.

## 9. జ్వరం వస్తే

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే, మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నా సరే, అదే రోజు పరీక్ష. "పొద్దున్న చూద్దాం" వద్దు.

1. ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. వీటిని చిప్స్ కాంపౌండ్ అంటారు. రాత్రయితే మీ కిట్‌తో చేసుకోండి.
2. మలేరియా అని తేలితే ఆర్టెమెథర్–లుమెఫాంట్రిన్. 35 కిలోలు దాటినవాళ్ళకి 20/120 బిళ్ళలైతే పూటకి 4, 80/480 బిళ్ళ అయితే పూటకి 1. మొదటి మోతాదు, 8 గంటల తర్వాత రెండోది, ఆపైన రెండు రోజులు పొద్దున, సాయంత్రం. మొత్తం 6 మోతాదులు. డబ్బా మీద అంకె చదవకుండా వేసుకుంటే నాలుగో వంతు మందో, నాలుగింతల మందో పడుతుంది.
3. వేరుశనగ పేస్టు లాంటి కొవ్వు ఉన్న తిండితో వేసుకోండి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. గంటలోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి.
4. రెండో రోజు తేలికగా అనిపించినా ఆపకండి.
5. పరీక్షలో ఏమీ లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించుకోండి.

మందు పూర్తయ్యాక కూడా ర్యాపిడ్ పరీక్ష కొన్ని వారాలు పాజిటివ్ చూపిస్తుంది. అది చూసి రెండో కోర్సు మొదలుపెట్టకండి. మైక్రోస్కోపు పరీక్ష చేయించండి.

మందు కడుపులో నిలవకపోతే, మాట తడబడితే, కళ్ళు పచ్చబడితే, మూత్రం నల్లబడితే, ఊపిరి వేగంగా వస్తే ఇంట్లో ఉండకండి; ఏ బండి దొరికితే అందులో తమాలే టీచింగ్ ఆస్పత్రికి. గర్భిణులు అసలు సొంతంగా మందు వేసుకోకూడదు.

విరేచనాలకి ఓఆర్‌ఎస్. ప్యాకెట్లు అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్ళకి 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి.

## 10. డబ్బు అడిగితే

అడుగుతారు. బడి ఫీజుకి, మందులకి, సైకిలుకి. ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు చెప్తే నెలలో గొడవ. ముందే ఒక పద్ధతి పెట్టుకోండి: వ్యక్తులకి అప్పు లేదు, పెళ్ళి, చావు, పేరుపెట్టే వేడుకలకి అందరూ ఇచ్చేంతే ఇస్తాం. ఆ "అందరూ ఇచ్చేంత" ఎంతో ఆతిథ్య కుటుంబ పెద్దని అడగండి. బిడ్డ పుట్టిన వారానికి పేరుపెట్టే వేడుక ఉంటుంది. ఒక సబ్బు, కొంచెం డబ్బు చాలు. చావు ఇంటికి వెళ్ళకపోవడం మాత్రం ఊరు మర్చిపోదు. పని మానుకునైనా వెళ్ళండి, కాసేపు కూర్చోండి.

పిల్లలకి బిస్కెట్లు, పెన్నులు పంచకండి. బడికి ఇవ్వాలనుకుంటే ప్రధానోపాధ్యాయుడి చేతికి ఇవ్వండి.

మీరు ఉండే ఇంటికి డబ్బు కాకుండా నెలకి ఒక సంచి మొక్కజొన్న గానీ బియ్యం గానీ, నూనె తెచ్చి ఇవ్వండి. ఇది ఇంటిపెద్ద ఆడమనిషి చేతికి, అందరూ చూస్తుండగా.

## 11. మొదటి మూడు నెలల పని

మొదటి నెల: రోజుకి రెండు గంటలు దగ్బాని, ఒక పూట ఎవరి పొలానికో తోడు. పార పట్టుకోవడం రాకపోయినా ఫర్వాలేదు. ఊరి పటం గీయండి: పంపులు ఎక్కడ, ఏ పంపు చెడిపోయింది, ఎవరు బాగు చేస్తారు, పొదుపు సంఘాలు ఎన్ని, ఎవరు నడుపుతున్నారు. ముందున్న వాలంటీరు ఏం మొదలుపెట్టి వదిలేశారో తప్పకుండా అడగండి. తాళం వేసిన లైబ్రరీ గది, తుప్పు పట్టిన మర, ఇవన్నీ మీకు పాఠాలు.

రెండో నెల: ఇప్పటికే నడుస్తున్న పనిలో సాయం. బడి అయితే ఒక టీచరు పక్కన కూర్చోండి, సొంత తరగతి అడగకండి. బెత్తం కనబడుతుంది. పిల్లల ముందు టీచరుని ఎదిరిస్తే మీరు ఓడిపోతారు, పిల్లాడికి దెబ్బలు తగ్గవు. బడి అయ్యాక ఒంటరిగా మాట్లాడండి, మీ తరగతిలో బెత్తం లేకుండా ఎలా నడుస్తుందో చూపించండి.

మూడో నెల: ఒక చిన్న కొత్త పని, ఊళ్ళో కనీసం ఇద్దరు బాధ్యత తీసుకుంటేనే. మీటింగు పెట్టే ముందు చూసుకోండి:

- నాయకుడికి, మగాజియాకి విడివిడిగా ముందే చెప్పారా?
- ఆ రోజు సంత, శుక్రవారం నమాజు, ఎవరిదైనా చావు ఉన్నాయా?
- ఆడవాళ్ళతో విడిగా ఇంకో మీటింగు ఉందా? మగవాళ్ళ ముందు వాళ్ళు ఎక్కువ మాట్లాడరు.
- అనువాదం చేసే మనిషి అందరికీ సమ్మతమైనవాడేనా?
- ఖర్చు మీరు వెళ్ళిపోయాక ఎవరు పెడతారు?

నాలుగు గంటలకి అంటే ఐదుకి మొదలవుతుంది. ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తుంది, ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి.

## 12. తరచూ దెబ్బతినే చోట్లు, సరిచేసే దారి

ఒక్క కుటుంబానికే అంటుకుపోవడం. మిగతా ఊరు దూరమవుతుంది. వారానికి ఒక సాయంత్రం ఊరి అవతలి చివరికి వెళ్ళి పలకరించి రండి.

ఐదో, ఆరో వారంలో దిగులు. దాదాపు అందరికీ వస్తుంది. ఆ వారాంతం తమాలేలో గడపండి, ఇంటికి ఫోన్ చేయండి, స్నానం, నిద్ర. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర సహించకపోతే సంస్థకి చెప్పండి. మెఫ్లోక్విన్ వాడుతుంటే అదే కారణం కావచ్చు, డాక్టరుని అడిగి మందు మార్చుకోండి.

ఒంటరితనం దొరకకపోవడం. తలుపు వేసుకుంటే "జబ్బు చేసిందా?" అని వస్తారు. "చదువుకుంటున్నాను" అనే మాట వాళ్ళు గౌరవిస్తారు. రోజూ ఒకే గంటకి చదువుకుంటే ఆ గంట మీదవుతుంది.

పెళ్ళి ప్రస్తావనలు. ఒంటరి ఆడవాళ్ళకి ఎక్కువ. నవ్వి "మా నాన్నగారిని అడగాలి, ఆవులు చాలా కావాలి" అంటే మాట తేలిపోతుంది. వదలకపోతే ఆతిథ్య కుటుంబ పెద్దకి చెప్పండి, ఆయన మాటకి ఆగుతారు.

సెలవు తీసుకోకుండా పట్నం వెళ్ళడం. రెండు రోజులు కనబడకపోతే ఊరు వెతుకుతుంది. బయలుదేరే ముందు ఇంట్లో, వారం దాటే ప్రయాణమైతే నాయకుడి దగ్గర కూడా చెప్పి వెళ్ళాలి, వచ్చాక మళ్ళీ వెళ్ళి పలకరించాలి.

ఇంటికి తిరిగొచ్చాక జ్వరం. వచ్చిన మొదటి మూడు నెలల్లో ఏ జ్వరమొచ్చినా, ఆ తర్వాత ఏడాది దాకా కూడా, డాక్టరుకి మొదట చెప్పాల్సిన మాట "పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చాను" అని. చెప్పకపోతే డెంగీ, టైఫాయిడ్ పరీక్షల్లో రెండు రోజులు పోతాయి. ఫాల్సిపారంకి ఆ రెండు రోజులు చాలు.